పన్నెండు నుంచి ఒంటిగంట

మా అన్న గురించి నన్ను అడిగేవాళ్ళందరూ విమానం గురించే అడుగుతారు. ఏ విమానం నడిపాడు, ఎంత ఎత్తున పోయేవాడు, పతకం ఎవరి చేతుల మీదుగా అందుకున్నాడు. నాకేం తెలుసు? ముత్తుకూరు నుంచి నెల్లూరు పోవాలంటేనే బస్సులో వాంతి చేసుకునే మనిషిని నేను. విమానాల సంగతి తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు, పోయి వాళ్ళను అడగండి. నాకు తెలిసిందల్లా ఒక నోటుబుక్కులో ఒక పేజీ. ఆ పేజీతో సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు బతికి ఉండగా దాని గురించి రాయకూడదనుకున్నాను. ఇప్పుడు ఇద్దరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ముందు మా అన్న ఎలాంటివాడో చెప్పాలి. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. ఇది పొగడ్త కాదు, ఆ గుణంతో ఇంట్లో మా అందరికీ ప్రాణం విసిగిపోయేది. ఎవరైనా భోజనాల వేళకు వస్తే మా అమ్మ మర్యాదకు "మేం ఇప్పుడే తిన్నాం, మీరు కూర్చోండి" అనేది. ఇతను లోపలి నుంచి "లేదమ్మా, ఇంకా తిన్లేదు గదా" అని అరిచేవాడు. మా నాయన మిషన్ బడిలో పంతులు. బడి గడియారం అద్దం మేమిద్దరం కలిసి పగలగొట్టినప్పుడు, నాయన ఎవరని అడగకముందే ఇతను పోయి చెయ్యి చాపి నిలబడ్డాడు. నిలబడితే నిలబడ్డాడు, నా పేరు కూడా చెప్పాడు. ఆ దెబ్బలు నాకు ఇప్పటికీ గుర్తే.

నాకు పదేళ్ళప్పుడు నాయన పోయాడు. అన్న నెల్లూరు కాలేజీలో చదువుకుంటూ, మాకెవరికీ చెప్పకుండా పరీక్ష రాసి, యాభైల చివర్లో వైమానిక దళంలో చేరాడు. పోయేముందు అమ్మ అతని పెట్టె సర్దుతూ ఒకటే మాట అడిగింది.

"విమానాలు పడిపోతాయా నాయనా?"

"పడతాయమ్మా, అప్పుడప్పుడు."

అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పడవు అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతాది?" అని గట్టిగానే అడిగాను. "పడవని నాకు తెలీదు గదమ్మే" అన్నాడు. ఆ మనిషితో ఎవరు వాదిస్తారు?

అక్కడ చేరాక అతనికి ఇంకో అలవాటు పట్టుకుంది. ప్రతిదానికీ టైము రాయడం. ఉత్తరం పైన తేదీ ఒక్కటే వేస్తే చాలదు, 'ఉదయం 7.10' అని కూడా ఉండాలి. సెలవులో వచ్చినప్పుడు అమ్మ దోసె వేస్తుంటే గడియారం చూసేవాడు. "ఇంకో నలభై సెకండ్లు ఉంచమ్మా" అంటే నేను అట్లకాడ తీసుకుని వెంటబడేదాన్ని. సెలవుల్లో మా ఇంట్లో నవ్వులు ఉండేవి. సెలవు అయిపోయిన మర్నాటి నుంచి అమ్మ మళ్ళీ ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టేది.

అరవై ఐదు సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. అప్పటికి నేను ట్రైనింగు ముగించి నాయన పనిచేసిన బడిలోనే పాఠాలు చెబుతున్నాను. మా చర్చికి సంబంధించినవాళ్ళు ఇద్దరే మిలటరీలో ఉన్నారు. ఒకరు మా అన్న. రెండో అతను సైన్యంలో లారీ డ్రైవరు. అతని భార్య, మూడేళ్ళ కూతురు ఉప్పుమళ్ళ పక్కన తాటాకు ఇంట్లో ఉండేవాళ్ళు. ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పంతులమ్మా అనేది.

యుద్ధం మొదలైన మొదటి ఆదివారమే స్త్రీల సమాజంవాళ్ళు గొలుసు ప్రార్థన పెట్టారు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు, పన్నెండుమంది ఆడవాళ్ళు. ఎవరి గంటకు వాళ్ళు గుడికి వచ్చి, చాప మీద మోకరించి, ఆ ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యాలి. ఒకరు లేచేసరికి ఇంకొకరు రావాలి, మధ్యలో గొలుసు తెగకూడదు. చేతిరాత బాగుంటుందని నోటుబుక్కు నాచేత రాయించారు. రోజుకొక పేజీ, పేజీకి పన్నెండు పేర్లు. ప్రార్థన అయిపోయాక ఎవరి పేరు ఎదురుగా వాళ్ళు పెన్సిలుతో గీత పెట్టాలి. మొదటి గంట మా అమ్మది. పది నుంచి పదకొండు డ్రైవరు భార్యది. ఆమె పిల్లను కూడా తెచ్చుకుని చాప చివర పడుకోబెట్టేది. బడికి మధ్యాహ్నం విరామం ఉంటుంది కాబట్టి పన్నెండు నుంచి ఒంటిగంట నాకిచ్చారు.

అది చాలదన్నట్టు మా అమ్మ ఆ ఆదివారమే సంఘం ముందు లేచి నిలబడి మొక్కుకుంది. "నా బిడ్డ ప్రాణాలతో తిరిగొస్తే, ఈ బలిపీఠం ముందర నిలబడి, దేవుడు తనని ఎట్టా కాపాడినాడో వాడి నోటితోనే సాక్ష్యం చెప్తాడు" అంది. డ్రైవరు భార్య కూడా లేచి అదే మాట అంది. సాక్ష్యం అంటే మాలో చిన్న విషయం కాదు. మాట ఇచ్చి చెప్పించకపోతే దేవుణ్ణి మోసం చేసినట్టేనని మా అమ్మ నమ్మకం. ఇచ్చింది మళ్ళీ తీసుకుంటాడని భయం.

రెండో వారం దాటేసరికి నాకు ఓపిక అయిపోయింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. రోజూ ఒకే మాటలు, ఒకే చాప. అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి పది రోజులైంది. గుడికి అవతల రోడ్డు దాటితే రైసుమిల్లు ఉంది, మిల్లులో రేడియో ఉంది, మధ్యాహ్నం వార్తలు సరిగ్గా నా గంటలోనే వచ్చేవి. ఆ రోజు నా ముందు గంట, పదకొండు నుంచి పన్నెండు చేసే ముసలమ్మ లేచి పోగానే మోకరించాను. రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. దేవుడికి నేను కొత్తగా చెప్పేదేముంది, నాకు తెలియాల్సిందే చాలా ఉంది అనుకుని, తలుపు దగ్గరగా వేసి మిల్లుకు పోయాను.

వార్తలు అయ్యాయి. మన విమానం ఒకటి తిరిగి రాలేదని చెప్పారు. ఎవరిదో చెప్పలేదు. ఊకబస్తాల పక్కన అలాగే నిలబడిపోయాను. మిల్లు గుమాస్తా మళ్ళీ ఏమైనా చెబుతారేమో ఉండమ్మా అంటే ఉన్నాను. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా పరుగెత్తుకుంటూ గుడికి వచ్చాను. ఒంటిగంట మనిషి రాకముందే పెన్సిలు తీసుకుని నా పేరు ఎదురుగా గీత పెట్టేశాను. ఆ పేజీలో ఖాళీ కనిపిస్తే మా అమ్మ గుండె ఆగిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, నలుగురూ నన్ను ఏమంటారోనన్న భయం.

వారం తిరక్కుండానే యుద్ధం ఆగింది. ఆగిన తర్వాత, ఉప్పుమళ్ళ పక్కనున్న ఇంటికి టెలిగ్రాం వచ్చింది. డ్రైవరు చనిపోయాడని, ఫలానా తేదీ అని. పోస్టుమాన్ చదవలేక నన్ను పిలిపించాడు. చదివింది నేనే. తేదీ రెండుసార్లు చూశాను. అది నేను మిల్లుకు పోయిన రోజు.

ఆమె గట్టిగా ఏడవలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని "ఆ రోజు కూడా అందరూ గీతలు పెట్టినారు గదా పంతులమ్మా?" అని అడిగింది. పెట్టారన్నాను.

ఆ తర్వాత మా అన్న ఉత్తరం మిలటరీ ఆసుపత్రి నుంచి వచ్చింది. బాంబులు వేసి తిరిగి వస్తుంటే కింది నుంచి కాల్చారట. ఎడమ చెయ్యికి దెబ్బ తగిలింది, ఇంధనం కారిపోతున్నా విమానాన్ని దించగలిగాను, చెయ్యి పోదు, కంగారు పడవద్దు అని నాలుగు ముక్కలు రాశాడు. ఇంకొన్నాళ్ళకు పేపర్లో పడింది, పతకం ప్రకటించారని. ఏ తేదీన ఆ సాహసం చేశాడో కూడా వేశారు. అదీ అదే తేదీ. ఒకే రోజు ఒకరు బతికారు, ఒకరు పోయారు.

అక్కడ మొదలైంది అసలు సంగతి. పేపరు చేతులు మారిన గంటలోపే స్త్రీల సమాజంలో లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఆ రోజు ఏ టైముకు మా అన్నకు దెబ్బ తగిలింది? ఆ గంట ఎవరిది? ఎవరి ప్రార్థన అతన్ని దించింది? పదకొండు గంటల ముసలమ్మ తనదేనంది, ఆ రోజు తనకు ఒళ్ళంతా వణికిందట. కంపౌండరుగారి భార్య తనకు మూడు గంటలప్పుడు వెలుగు కనిపించిందంది. మనుషులు మంచివాళ్ళే, నేను కాదనను. కానీ ఇలాంటి తప్పు మావాళ్ళు తప్ప ఇంకెవరు చేస్తారు? బతికినవాడి గంట వెతుకుతుంటే పోయినవాడి గంట కూడా అదే పేజీలో ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. నిద్ర పట్టేది కాదు.

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ గొడవను ఇంకా పెద్దది చేశారు. "బాబు వచ్చినాక ఆదివారం కృతజ్ఞతారాధన పెడదాం. బాబు టైము చెప్తాడు, నేను ఆ పేజీ తీసి ఎవరి గంటో సంఘం ముందు చదువుతాను" అన్నారు. నోటుబుక్కు జాగ్రత్తగా పెట్టమని నాకే చెప్పారు.

అక్టోబరులో డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త పైఅధికారి రాసిన ఉత్తరం, ఇంగ్లీషులో. చదివి చెప్పమంది. అధికారి మంచి మాటలు రాశాడు. మీ భర్త ధైర్యవంతుడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, మందుగుండు లారీని గుంపు నుంచి పక్కకు తప్పిస్తూ చనిపోయాడు, దానివల్ల పదిమంది బతికారు అని. ఆ వాక్యం మొదట్లోనే ఉంది, మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో అని. అంతా తెలుగులో చెప్పాను. ఆ ఒక్క ముక్క మింగేశాను.

"ఏ టైమో రాయలేదా?"

"రాయలేదక్కా."

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో పెట్టుకుని పోయింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అప్పుడు నాకే ఆశ్చర్యమేసింది.

మా అన్న నవంబరు చివర్లో వచ్చాడు. ఎడమ చెయ్యి మెడకు కట్టుకుని బస్సు దిగాడు. దండలు, పాటలు, పిల్లలు. బస్సు దగ్గరే ముసలమ్మ అడిగేసింది, టైము ఎంత బాబూ అని. అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు కాదు బాబూ, ఆదివారం సంఘం ముందే చెప్పు" అన్నారు. మా అన్నకు ఏమీ అర్థం కాలేదు, సరేనని తల ఊపాడు. ఇంటికి వచ్చాక అమ్మ గొలుసు ప్రార్థన గురించి, మొక్కు గురించి మొత్తం చెప్పింది. అతను తల వంచుకుని అన్నం తింటూ విన్నాడు. "చెప్పాలంటావా?" అని మాత్రం అడిగాడు. "మాట ఇచ్చినా నాయనా" అంది అమ్మ. అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున డ్రైవరు ఇంటికి పరామర్శకు బయలుదేరాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. నేనూ వెంట పోయాను. ఉప్పుమళ్ళ గట్ల మీద అతని వెనకాలే నడిచాను. ఆమె చాప వేసింది. నీళ్ళిచ్చింది. తర్వాత ఆమె పెట్టె తెరిచి ఉత్తరం తెచ్చి మా అన్న చేతికిచ్చింది.

"ఇంకోసారి వినాలని ఉండాది అన్నా. నువ్వు చదువు. మిలటరీ మాటలు నీకు బాగా తెలుస్తాయి."

అతను చదివాడు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ వాక్యం వచ్చింది. "మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో" అని చెప్పి, తర్వాతి వాక్యానికి పోయాడు.

ఆమె చెయ్యెత్తి ఆపింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు చదివినప్పుడు టైము రాయలేదంటివే."

"చూసుకోలేదేమోనక్కా."

"పన్నెండు నుంచి ఒంటిగంట నీది గదా పంతులమ్మా."

"అవునక్కా."

"నువ్వు చేస్తానే ఉంటివి గదా అప్పుడు."

ఆ ప్రశ్నలో అనుమానం లేదు. అవునంటే ఆమెకు కొంచెం ఊరట, అంతే. నేను అవునన్నాను. మా అన్న ఉత్తరం మీంచి తల ఎత్తి నన్ను చూశాడు. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. ఆ చూపు నాకు తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు మధ్యలో ఆగిపోయాడు. "ఏందిమ్మే, చెప్పు" అన్నాడు. అంతా చెప్పాను. మిల్లు, రేడియో, గీత, ఉత్తరం. ఏడుస్తూ చెప్పాను, మధ్యలో అతని మీద కోపం కూడా తెచ్చుకున్నాను. "నీకోసమే పోయినా, నువ్వు బతికుండావో లేదో తెలుసుకుందామనే పోయినా" అని అరిచాను. అతను విన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పుస్తకం చూపించు" అన్నాడు.

ఇంటికి పోయి చూపించాను. ఆ పేజీ తీసి చాలాసేపు చూశాడు. పన్నెండు పేర్లు, పన్నెండు గీతలు. వేలు పైనుంచి కిందికి జరుపుతూ ఒకచోట ఆపాడు. నా గంట మీదే ఆపాడనుకుని నేను తల దించుకున్నాను.

"ఆమెకి నువ్వు చెప్పాల."

"నావల్ల గాదన్నా."

"ఆదివారం నేను టైము చెప్పినాక అయ్యగారు ఈ పేజీ తీస్తాడు. పేజీ తీసి నా గంట ఎవరిదని చదివితే, ఆమె తన మొగుడి గంట సంగతి లేచి అడగదా? అందరి ముందర నిన్నే అడుగుతాది."

"అయితే నువ్వు టైము చెప్పబాక."

"అడిగితే చెప్పకుండా ఎట్టా?"

నిజమే. అతనికి చెప్పకుండా ఉండడం చేతకాదు. ఆ రెండు రోజులు నేను ఎలా గడిపానో నాకే తెలియదు. జ్వరం వచ్చిందని చెప్పి పడుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. నోటుబుక్కు పొయ్యిలో వేద్దామని ఒకసారి పొయ్యి దాకా పోయాను కూడా. చెయ్యి రాలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. డ్రైవరు భార్య మా అమ్మకు ఇవతల, నా పక్కనే కూర్చుంది. పిల్ల నా కొంగుతో ఆడుకుంటోంది. అయ్యగారు నోటుబుక్కు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. మా అన్న యూనిఫారంలో లేడు, మామూలు తెల్ల చొక్కా వేసుకున్నాడు. బలిపీఠం ముందుకు పోయి నిలబడి, నాలుగైదు మాటల్లో జరిగింది చెప్పాడు. కాల్చారు, తగిలింది, తిప్పుకుని వచ్చాను, చక్రాలు దిగాయి. అంతే. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"టైము బాబూ?" అన్నారు అయ్యగారు. పేజీ తెరిచే ఉంచారు.

మా అన్న కుడిచేత్తో కట్టు సర్దుకున్నాడు. డ్రైవరు భార్య నా మోచెయ్యి పట్టుకుంది, తెలియకుండానే పట్టుకున్నట్టుంది.

"ఉదయం, ఆరుకి పావుగంట తక్కువ, అయ్యగారూ."

అయ్యగారు పేజీ చూశారు. మొదటి పేరు ఆరు నుంచి మొదలవుతుంది. అంతకు ముందు ఏమీ లేదు. ఆయన పేజీ ఇటు తిప్పి అటు తిప్పి, తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారు.

"గొలుసు ఇంకా మొదలుగాలేదు అప్పటికి," అన్నాడు మా అన్న. "ఆ పుస్తకంలో లేని గంట అది. ఎవరి గంటలో ఎవరు బతికినారో, ఎవరి గంటలో ఎవరు పోయినారో, ఇంక ఎవరూ లెక్క జెప్పబాకండి. ఆ పుస్తకంతో పనిలేదు."

అబద్ధం ఆడని మనిషి చెప్పాడు కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. ముసలమ్మ గొణుక్కుంది. కంపౌండరుగారి భార్య ముఖం చిన్నబోయింది. అయ్యగారు నోటుబుక్కు మూసేశారు. మా అమ్మ ఒక్కతే కాసేపటికి తేరుకుని "నేను అప్పటికి గుడి తలుపు తీస్తా ఉంటినేమో" అని పక్కవాళ్ళతో అంది. డ్రైవరు భార్య చెయ్యి నా మోచెయ్యి వదిలేసింది.

బయటికి వచ్చాక అన్న నా దగ్గరికి వచ్చి "నాది అయిపోయింది. నీది మిగిలుండాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పోయాను. ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. తిరగేస్తున్న చెయ్యి ఆగింది.

"ఆ గంట నువ్వు చేసుంటే ఆయన బతికేవాడా?"

"తెలీదక్కా."

"నాకూ తెలీదు. తెలిసినప్పుడు వచ్చి చెప్పు. అందాకా మా ఇంటికి రాబాక."

మళ్ళీ చేపలు తిరగేసింది. నేను వచ్చేశాను.

ఆరేడు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. గుడిలో కూడా దూరంగా కూర్చుంది. బడి తెరిచిన రోజు పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టింది. "దీనికి అక్షరాలు నువ్వే దిద్దించు" అంది. అంతకంటే ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది.

మా అన్న సంగతి వేరేలా తిరిగింది. ఆ కృతజ్ఞతారాధన తర్వాత ఎప్పుడు సెలవులో వచ్చినా గుడికి వచ్చేవాడు. కానీ ప్రభువు బల్ల రోజున, అంటే క్రీస్తు శరీరమని సంఘమంతా రొట్టె పంచుకునే రోజున, పళ్ళెం తన ముందుకు వస్తే తల అడ్డంగా ఊపేవాడు. పశ్చాత్తాపపడని తప్పు మనసులో ఉన్నవాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదని మాలో నియమం. సంఘపెద్ద ఒకాయన పళ్ళెం పట్టుకుని ఒక క్షణం ఆగి, పక్కవాళ్ళ దగ్గరికి పోయేవాడు. ఊరంతా చూసేది. మెస్సులో తాగుడు అలవాటైందన్నారు. పతకం వచ్చాక దేవుడు చిన్నవాడైపోయాడన్నారు. అమ్మ కుమిలిపోయింది. ఒకసారి అడిగేసింది.

"ఎందుకు నాయనా తీసుకోవు?"

"తీసుకోలేనమ్మా. అడగబాక."

నాకూ కోపమే వచ్చింది. దేవుడు కాపాడి తెస్తే ఇదా అతను చేసేది అనుకున్నాను.

అరవై ఎనిమిది వేసవిలో వచ్చినప్పుడు అతని పెట్టెకు చెదలు పట్టాయి. సామాను తీసి వాకిట్లో ఎండలో పెట్టాను. అందులో అతను విమానం ఎక్కిన ప్రతిసారీ రాసుకున్న పుస్తకం ఉంది. అట్ట దులుపుతూ ఊరికే తిప్పాను. ఆ తేదీ కంటబడింది. ఆ రోజు ఒక్కసారే ఎగిరాడు. పక్కన చిన్న అక్షరాలతో, అతని అలవాటు ప్రకారం, దెబ్బ తగిలిన టైము రాసి ఉంది. ఉదయం 10.40.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. తర్వాత లోపలికి పోయి నా పెట్టె అడుగు నుంచి నోటుబుక్కు తీశాను. పది నుంచి పదకొండు. డ్రైవరు భార్య పేరు, ఎదురుగా ఆమె పెట్టిన వంకర గీత. పిల్లను చాప మీద పడుకోబెట్టి ఆమె మోకరించి ఉన్న గంట అది. ఆ రోజు అతని వేలు ఆగింది నా గంట మీద కాదు.

బావి దగ్గర స్నానం చేసి వస్తున్నవాడికి రెండు పుస్తకాలూ చూపించాను. తువ్వాలుతో తల తుడుచుకుంటూ చూశాడు.

"ఎట్టా చెప్పమంటావు ఆమెకి? నీ ప్రార్థన పరాయోడిని దించింది, నీ మొగుడి గంటకి గుళ్ళో ఎవరూ లేరు అనా? రెండు గీతలూ ఒకే పేజీలో ఉండాయి గదా."

"అయితే దేవుణ్ణి క్షమించమని అడుగు. అడిగి రొట్టె తీసుకో. అమ్మ ఏడుస్తా ఉండాది."

"తప్పు జేసినాననుకుంటే గదా అడిగేది. రేపు మళ్ళీ నిలబెట్టి అడిగినా అదే చెప్తా. అట్టాంటోడు రొట్టె ఎట్టా తీసుకుంటాడమ్మే?"

పడతాయమ్మా అప్పుడప్పుడు అన్నవాడు, పడవు అని ఒక్క మాట అనలేనివాడు, బలిపీఠం ముందు నిలబడి నాకోసం, ఆమెకోసం ఆడిన అబద్ధం అది.

ఆ తర్వాతి ఆదివారమే ప్రభువు బల్ల. పళ్ళెం మగవాళ్ళ వైపు పోయింది. మా అన్న తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళ వైపు వచ్చింది. నా ముందుకు వచ్చేసరికి, అతను తీసుకోనిది నేనెలా తీసుకోను అనిపించింది. నేనూ తల అడ్డంగా ఊపాను. పక్కనున్న డ్రైవరు భార్య తన ముక్క తీసుకుని నన్ను చూసింది. నేను ఇంకా ఆ రోజు మిల్లుకు పోయిన సంగతికే కుములుతున్నాననుకుంది పాపం. రొట్టె ముక్కను వేళ్ళతో రెండుగా తుంచి, సగం నా అరచేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ళని? తిను" అంది మెల్లగా.

తిన్నాను. అటువైపు నుంచి మా అన్న చూస్తున్నాడు. అతనికి సగం తుంచి పెట్టేవాళ్ళెవరూ లేరు.